బనారస్ పట్టు నేసే ఇళ్లలో ఆకలి: మన మగ్గాల ఊళ్ల నుంచి ఒక చర్చ

పుట్టపాక నేత · రాత్రి 9:10

పెళ్లి కుదిరితే మన నల్గొండ ఇళ్లలోనూ ఒక బనారస్ చీర తీస్తారు. దాన్ని నేసింది ఎవరని ఎవరూ అడగరు. నేసేవాళ్లలో ఎక్కువ మంది ముస్లింలు, అన్సారీలు. కబీరు పెరిగిన జులాహాల కులం అదే. పట్టు ఎగుమతి చేసే ఒక సంస్థలో నాణ్యత చూసే ఉద్యోగం మీద నేను కొంతకాలం బనారస్‌లో ఉన్నాను. బజర్‌డీహా, లోహతా వైపు మగ్గాల దగ్గరకు వెళ్లేవాణ్ణి. అక్కడ చూసింది ఈ వేదికలో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఒక ఇంటి సంగతి చెబుతాను. ఉన్నదే ఒక గది. అందులో సగం గుంట మగ్గానికే పోయింది. పైన డిజైను దించే జకార్డు పెట్టె, దాని నుంచి వేలాడే చిల్లుల అట్టలు. వానాకాలం కావడంతో గుంటలో చెమ్మ ఊరుతోంది. నేతగాడు పాదాల కింద గోనెపట్టా మడిచి వేసుకున్నాడు. ఆయన నేస్తున్నది కడువా పని. ఒక్కో బుటాకు, అంటే పువ్వు డిజైనుకు, విడిగా చిన్న కండెతో జరీ తిప్పాలి. పొద్దంతా కూర్చున్నా బట్ట అంగుళాల్లోనే సాగుతుంది. గుమ్మం దగ్గర వెలుతురులో ఆయన భార్య కండెలు చుడుతోంది. మధ్యాహ్నం ఆమె లేచి పిల్లలకు అన్నంలో ఉప్పూ, నూరిన పచ్చిమిర్చి కారమూ కలిపి పెట్టింది. పెద్దవాళ్లిద్దరూ చాయ్ తాగి మళ్లీ పనిలో కూర్చున్నారు. మీరు తినరా అని అడిగితే 'పీసు దిగాక' అన్నాడు. చీర ఇంకా సగం కూడా కాలేదు.

పీసు దిగితే వెంటనే డబ్బు వస్తుందా అంటే అదీ లేదు. గిరస్తు, అంటే మన భాషలో మాస్టర్ వీవర్, చీరను తెల్లటి పరుపు మీద పరిచి ఆసాంతం చూస్తాడు. ఎక్కడైనా దాగు, అంటే మరక, కనిపిస్తే కటౌతీ, అంటే కూలిలో కోత. పోగు తెగినా, రంగు కొంచెం మారినా కటౌతీ. గిరస్తు పైన గద్దీదారు ఉంటాడు, పట్టు బజారు కుంజ్ గలీలో కూర్చుని దేశమంతటికీ సరుకు పంపేది అతనే. పై నుంచి కిందికి చెల్లింపు ముందు తేదీ వేసిన చెక్కుగా దిగుతుంది. తేదీ వరకు ఆగలేనివాడు దాన్ని దళారి దగ్గర తక్కువకు మార్చుకుంటాడు. ఇంట్లో బియ్యం లేనివాడు ఎలా ఆగుతాడు?

2000 తర్వాత ఆ బస్తీల నుంచి పోషకాహార లోపం, క్షయ, ఆకలి చావుల వార్తలు చాలా వచ్చాయి. పరిశ్రమ పడిపోయింది కాబట్టి ఆకలి అని అందరూ అంటారు. కానీ బనారస్ చీరకు గిరాకీ పోలేదు. నేసినవాడి పేరు మాత్రం ఏ కాగితం మీదా లేదు. ఆకలికి మూలం అక్కడుందని నా అభిప్రాయం. చేనేత ఊళ్లవాళ్లు మీరేమంటారు?

మిర్యాలగూడ చదువరి · రాత్రి 9:32

అన్నా, రాసింది చదివి మనసు కలత పడింది. అయినా ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మన దగ్గరే మగ్గాలు మూలపడుతున్నాయి. సిరిసిల్లలో ఎన్ని ఆత్మహత్యలు చూశాం! మన ఇల్లు చక్కబెట్టుకోకుండా ఎక్కడో ఉన్న బనారస్ గురించి మనం మాట్లాడి ఏం లాభం?

చండూరు పద్మశాలి · రాత్రి 10:05

లాభం సంగతి తర్వాత, తమ్ముడూ. సంబంధం ఉందా లేదా అంటే ఉంది, అది చెబుతాను.

మా నాన్న చండూరులో మగ్గం వదిలి భివండి వెళ్లి పవర్‌లూమ్ కార్ఖానాలో చేరారు. మన జిల్లా నుంచి, వరంగల్, కరీంనగర్ వైపు నుంచి భివండికి, షోలాపూర్‌కు వెళ్లిన పద్మశాలీలు ఎంతమందో లెక్క లేదు. అక్కడ మా నాన్న పక్క మగ్గాల మీద ఉన్నది ఎవరు? ఉత్తరప్రదేశ్‌లోని మవూ, ముబారక్‌పూర్, ఆజంగఢ్ నుంచి వచ్చిన అన్సారీలు. వాళ్ల తాతలు కూడా చేతి మగ్గం నేసినవాళ్లే. పగటి పాళీ వీళ్లు, రాత్రి పాళీ వాళ్లు, ఒకే చాప మీద మార్చి మార్చి నిద్రపోయేవారట. భోజనం బిస్సీలో, అంటే మెస్సులో. వారం కూలి అందని రోజు బిస్సీ నడిపే ఆవిడ అప్పు రాసుకునేది, మతం చూసి రాయలేదు.

1984 అల్లర్లప్పుడు మా నాన్న అక్కడే ఉన్నారు. కార్ఖానాలు మూతపడ్డ రోజుల్లో తెలుగువాళ్లకూ పని లేదు, అన్సారీలకూ లేదు. ఆ రోజుల గురించి అడిగితే ఆయన మొదట చెప్పేది భయం గురించి కాదు, తిండి గురించే. మగ్గం పోయాక వాళ్లూ మనమూ చేరిన చోటు ఒకటే. అందుకే ఇది పరాయి విషయం అనుకోలేను.

లెక్కల మాస్టారు, నల్గొండ · రాత్రి 10:40

చర్చ గాలిలో పోకుండా కొన్ని అంకెలు పెడుతున్నాను. 1995 గణనలో దేశంలో చేనేత మీద ఆధారపడిన పనివాళ్లు దాదాపు 65 లక్షలు. 2009-10 నాటికి 43 లక్షల పైచిలుకు. 2019-20 నాలుగో గణనలో 35 లక్షల పైచిలుకు. అందులో నేసేవాళ్లు సుమారు 26.7 లక్షలు, మిగతావారు కండెలు చుట్టడం లాంటివి చేసే అనుబంధ పనివాళ్లు. నేసేవాళ్లలో నూటికి 72 మంది స్త్రీలు. నేత కుటుంబాల్లో మూడింట రెండు వంతుల నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. ఇది పద్మశాలి, దేవాంగ, అన్సారీ, అస్సాం ఆడపడుచులు అందరినీ కలిపి చెప్పిన లెక్క.

ఐదువేల లోపు ఆదాయంతో ఐదుగురు ఎలా తింటారో మీరే వేసుకోండి. బియ్యం చవకగా దొరికితే కడుపు నిండుతుంది. పప్పు, నూనె, పాలు, గుడ్డు మాటేమిటి? బనారస్ నేతగాళ్లలో క్షయ ఎక్కువ అంటే నాకు ఆశ్చర్యం లేదు. చెమ్మ గుంట, నూలు దుమ్ము, గాలి ఆడని గది, వీటికి తోడు చాలని తిండి.

నారాయణపేట బట్టల కొట్టు · రాత్రి 11:15

వ్యాపారం వైపు నుంచి కూడా వినండి. నేను చీరలు అమ్మేవాణ్ణి, మా తాతగారి నుంచి ఇదే పని. కొట్టుకు వచ్చే పది మందిలో తొమ్మిది మంది 'బనారస్ చూపించండి, రెండు వేల లోపు' అంటారు. ఆ ధరకు చేతి మగ్గం బనారస్ ఉండదు. సూరత్ పవర్‌లూమ్ మీద కృత్రిమ దారంతో అదే బుటా, అదే అంచు దించి పంపుతున్నారు. కంటికి తేడా తెలియదు. 2001లో దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు ఎత్తేశాక చైనా పట్టు బట్ట కూడా వచ్చి పడింది. బనారస్ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. మా నారాయణపేటకు 2012లో వచ్చింది. గుర్తింపు వచ్చింది, నకలు మాత్రం ఆగలేదు.

కొనేవాళ్లకు ఒక్క ఉపకారం చేస్తాను. చీర తిరగేసి చూడండి. కడువా నేత అయితే వెనక వైపు శుభ్రంగా ఉంటుంది, బుటాకూ బుటాకూ మధ్య దారాలు వేలాడవు, కత్తిరించిన కుచ్చులు ఉండవు. అంచు పొడవునా చూడండి. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా వెడల్పున పట్టే కర్ర మొనలు గుచ్చుకున్న సన్నని చిల్లులు కనిపించడం చేతి నేతకు ఒక ఆనవాలు. 2006 నుంచి చేనేత గుర్తు ఉంది, పట్టుకు సిల్క్ మార్క్ ఉంది, అవి అడగండి. అడగకుండా వ్యాపారిని తిడితే ఏం ప్రయోజనం?

గద్వాల అంచు · ఉదయం 6:20

నారాయణపేట అన్న చెప్పింది సగం ఒప్పుకుంటాను. మిగతా సగం నేసే ఆడదాన్ని కాబట్టి నేను చెబుతాను.

మా ఇంట్లో గద్వాల చీర నేస్తాం. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. మూడు నాడెలతో నేయాలి, పక్కన ఇంకో చేయి ఉంటే తప్ప సాగదు. ఆ ఇంకో చేయి నాది. కూలి లెక్కలో నా చేయి ఎక్కడా లేదు. చీరకు ఇంత అని మజూరీ ఇస్తారు, అది మా ఆయన పేరు మీద. కండెలు చుట్టింది, పోగులు అతికింది, గంజి పెట్టింది ఎవరని అడగరు. పుట్టపాక అన్న రాసిన ఆ ఇంట్లో గుమ్మం దగ్గర కండెలు చుట్టే తల్లి కూడా అంతే కదా! పైగా ఆమె పరదాలో ఉంటుంది. గిరస్తు ఇంటికి వెళ్లి నా కూలి ఏదని అడిగే వీలు కూడా లేదు.

చింతకింది మల్లేశం గారు తన తల్లి ఆసు పోసి పోసి, అంటే నేతకు ముందు మేకుల చుట్టూ దారం తిప్పి తిప్పి, భుజం పట్టేయడం చూసి యంత్రం కనిపెట్టారు. ఒక్క చీరకు ఆ తల్లి చేయి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చినప్పుడు నేను ఏడ్చాను. మా చేతుల నొప్పి ఒక్కరికైనా కనిపించిందని.

ఆకలి గురించి ఒక్క మాట. ఇంట్లో తిండి తగ్గితే మొదట ఎవరి కంచంలో తగ్గుతుందో మగవాళ్లు రాయరు. నేసేవాడికి బలం కావాలని ఆయనకు పెడతాం, పిల్లలకు పెడతాం. పుట్టపాక అన్నా, ఆ చాయ్ తాగింది ఇద్దరూ అన్నారు. ఆయన రాత్రికైనా తిని ఉంటాడు. ఆమె సంగతి నాకు నమ్మకం లేదు.

పుట్టపాక నేత · ఉదయం 7:45

అక్కా, మీరు అన్నది నిజం కావచ్చు. ఆమె తినడం నేను చూడలేదు.

నారాయణపేట అన్నా, కొట్టువాళ్లను తిట్టాలని నా ఉద్దేశం కాదు. నకలు, చైనా బట్ట, పట్టు ధర అన్నీ నిజమే. వాటి వల్ల ధర ఒత్తిడి వచ్చినప్పుడు ఆ ఒత్తిడి గద్దీదారు దగ్గర ఆగదు, గిరస్తు దగ్గర ఆగదు, చివరికి మజూరీ మీద పడుతుంది. పట్టు దారం ధర పెరిగితే మజూరీ తగ్గుతుంది. మళ్లీ ధర తగ్గితే మజూరీ పెరగడం నేను చూడలేదు. ఇంకో సంగతి. గిరస్తులందరూ పరాయి మతంవాళ్లు కారు. బనారస్‌లోని మదన్‌పురాలో పెద్ద పెద్ద అన్సారీ గిరస్తులున్నారు. పోచంపల్లిలో మన కులపు మాస్టర్ వీవర్ మన కులపు కూలి నేతగాడికి ఎంత ఇస్తున్నాడో అందరికీ తెలుసు. కులం ఒకటైనంత మాత్రాన కూలి పెరగదు.

నూర్‌బాషా, కల్వకుర్తి · ఉదయం 9:30

మేము దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, పీర్లు ఎత్తుతాం, నమాజు చదువుతాం. బట్ట పని అంటే మన పాలమూరులో పద్మశాలీలు గుర్తొస్తారు. కానీ ఆ బట్ట మొదలయ్యేది మా దగ్గర. మా ముత్తాతలు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పత్తి ఏకి ఏకులు చేసి ఇచ్చేవారు. ఆడవాళ్లు రాట్నం మీద వడికితే శాలోళ్లు నేసేవారు. మిల్లు నూలు వచ్చాక ఏకుల పని పోయింది. పరుపులు, బొంతలు కుట్టి బతికాం. ఫోము పరుపులు వచ్చాక అదీ పోయింది. మా నాన్న చివరి రోజుల్లో విల్లు అటకమీద పెట్టి కూలికి వెళ్లారు. ఏళ్ల తరబడి పీల్చిన దూది దుమ్ముకు ఆయన ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయి.

మేము బీసీ-బీలో ఉన్నాం కాబట్టి చదువుల్లో కొంచెం దారి దొరికింది. అన్సారీలు కూడా ఉత్తరప్రదేశ్‌లో ఓబీసీలే. అయితే మా తరంలో చదువుకున్నవాళ్లకే ఆ దారి. మగ్గం మీద కూర్చున్న పిల్లవాడు బడికి వెళ్తే కదా! ముస్లింలు ఎక్కువగా సొంత చేతి పనుల మీద, చిన్న చిన్న వృత్తుల మీద ఆధారపడ్డారని 2006లో సచార్ కమిటీ రాసింది. ఆ వృత్తులే ఒక్కొక్కటిగా కూలుతున్నాయి. పెన్షన్ లేదు, బ్యాంకు అప్పు లేదు. వృత్తి పోతే మిగిలేది రిక్షా లేదా వలస. బనారస్ కుర్రాళ్లు సూరత్‌కు, బెంగళూరుకు పోతున్నారని విన్నాను. మా కుర్రాళ్లు హైదరాబాద్ పోయి ఆటోలు నడుపుతున్నారు.

మిర్యాలగూడ చదువరి · ఉదయం 10:10

అందరివీ చదివాను. రాత్రి నేనడిగిన ప్రశ్నకు చండూరు అన్న జవాబు సరిపోయింది. ఇంకో సందేహం. ఇంత కష్టంగా ఉంటే బనారస్‌వాళ్లు ఇళ్లలో పవర్‌లూమ్‌లు పెట్టుకోవచ్చు కదా? కరెంటు రాయితీ కూడా ఇచ్చారని ఎక్కడో చదివాను.

పుట్టపాక నేత · ఉదయం 11:00

పెట్టుకున్నారు తమ్ముడూ, చాలామంది పెట్టుకున్నారు. 2006 నుంచి మగ్గానికి ఇంత అని స్థిర రేటు మీద కరెంటు ఇచ్చారు. తర్వాత మీటరు లెక్కకు మారుస్తామంటే నేతగాళ్లు మగ్గాలు ఆపి సమ్మె చేశారు. కానీ పవర్‌లూమ్ పెట్టినవాడు కూడా గిరస్తు దారమే నేస్తాడు, గిరస్తు చెప్పిన మజూరీకే. యంత్రం అప్పు అదనం. ఒకే గదిలో ఆ చప్పుడు మధ్య పసిపిల్లలు పడుకుంటారు. 2020 లాక్‌డౌన్‌లో చేతి మగ్గమూ ఆగింది, పవర్‌లూమూ ఆగింది. అప్పు మాత్రం ఆగలేదు.

మాజీ సంఘం డైరెక్టర్, చౌటుప్పల్ ప్రాంతం · మధ్యాహ్నం 1:25

కాగితం మీద పేరు అన్న మాట దగ్గర ఆగి రాస్తున్నాను, ఎందుకంటే నేను సహకార సంఘంలో పనిచేశాను.

1991లో కోస్తా జిల్లాల్లో నేతగాళ్ల ఆకలి చావులు జరిగాయి. అప్పుడు కారణం నూలు. మిల్లులు నూలు ఎగుమతి చేసుకుంటే ఇక్కడ చేతి మగ్గాలకు వాడే చిలప నూలు ధర ఆకాశానికి పోయింది. మిల్లులు దేశంలో అమ్మకానికి కట్టే నూలులో ఇంత వాటా చిలపలుగానే ఇవ్వాలన్న నియమం అందుకే ఉంది. మొదట 50 శాతం, 2003లో 40 చేశారు, 2019లో 30కి దించారు. చేనేతకే కేటాయించిన రకాలను 1985 చట్టం కింద మొదట 22గా పెట్టారు, తర్వాత వాటిని 11కు కుదించారు. కట్టిన గోడలు ఇలా ఒక్కొక్క ఇటుకా తీస్తూ వచ్చారు.

ఆ రోజుల్లో గట్టిగా నడిచే సంఘం ఉన్న ఊళ్లో నేతగాడు కొంత నిలదొక్కుకున్నాడు. సంఘంలో పేరు ఉంటే నూలు వస్తుంది, మజూరీ రాతపూర్వకంగా వస్తుంది, బీమా వస్తుంది. బనారస్‌లో చాలా సంఘాలు కాగితాల మీదే ఉన్నాయని, సభ్యులుగా రాసుకున్నవాళ్లకు ఆ సంగతే తెలియదని ఎన్నో ఏళ్లుగా అంటున్నారు. మన దగ్గర కూడా అలాంటివి లేవా? ఉన్నాయి. మగ్గం ఎక్కనివాళ్ల పేర్లు, నేయని మగ్గాల లెక్కలు నేను నా కళ్లతో చూసి గొడవపడ్డాను. ఎన్నికలు ఏళ్ల తరబడి జరగకపోతే అడిగేవాడెవడు?

అయినా మన రాష్ట్రంలో ఒక మంచి పని జరిగింది. మగ్గాలకు జియో ట్యాగింగ్ చేసి సంఖ్య ఇచ్చారు. పొదుపు పథకంలో నేతగాడు తన కూలిలో 8 శాతం వేస్తే ప్రభుత్వం 16 శాతం కలుపుతుంది. అందులో అనుబంధ కార్మికులకు కూడా చోటు ఉంది. 50 ఏళ్లకే పెన్షన్ ఉంది. 2022 నుంచి ఐదు లక్షల బీమా ఉంది. డబ్బు ఆలస్యంగా వస్తుంది, నిజమే, ధర్నాలు చేశాం. కానీ అడగడానికి ఒక సంఖ్య, ఒక పేరు ఉన్నాయి. బజర్‌డీహాలో కూలి నేతగాడికి ఆ పేరే లేదు.

లెక్కల మాస్టారు, నల్గొండ · మధ్యాహ్నం 2:05

డైరెక్టర్ గారి మాటకు తిండి వైపు నుంచి ఒకటి కలుపుతాను. 2000 డిసెంబరులో అంత్యోదయ పథకం మొదలైంది, అతి పేద ఇంటికి మొదట నెలకు 25 కిలోల ధాన్యం, 2002 నుంచి 35 కిలోలు. మగ్గం ఉన్న ఇల్లు అతి పేద ఇల్లు ఎలా అవుతుందని జాబితాలు రాసేవాళ్లు అనుకుంటారు. మగ్గం ఆస్తిగా కనిపిస్తుంది కదా! ఆ మగ్గం మీద ఉన్న దారం గిరస్తుది, చాలాచోట్ల మగ్గం కూడా అతనిదే. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి మన దగ్గర రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. కార్డు ఉన్న నేత కుటుంబానికి అది ఎంత పెద్ద ఊరటో నేను రోజూ చూస్తున్నాను. కార్డు లేని ఇంటికి ఏ బియ్యమైనా ఒకటే.

గద్వాల అంచు · మధ్యాహ్నం 3:40

డైరెక్టర్ సార్, అనుబంధ కార్మికులకు చోటు ఉందన్నారు. మా వీధిలో ఎంతమంది ఆడవాళ్లు కండెలు చుడతారో! ఎవరికీ ఈ సంగతి చెప్పినవాళ్లు లేరు.

నూర్‌బాషా, కల్వకుర్తి · సాయంత్రం 5:15

సార్, నాదీ అదే ప్రశ్న. మా మేనత్త నారాయణపేట దగ్గర ఉంటుంది. భర్త లేడు. ఇరవై ఏళ్లుగా నేత ఇళ్లకు కండెలు చుట్టి, పోగులు అతికి బతుకుతోంది. కండెకు ఇంత అని చేతిలో పెడతారు. మగ్గాలు తగ్గిపోవడంతో ఇప్పుడు వారంలో సగం రోజులు పని ఉండదు, ఆ రోజుల్లో గంజితో సరిపెట్టుకుంటుంది. మా ఇంటికి రమ్మంటే రాదు. ఆమె పేరు ఎక్కించడానికి ఏం చేయాలి?

మాజీ సంఘం డైరెక్టర్, చౌటుప్పల్ ప్రాంతం · సాయంత్రం 6:00

ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం తీసుకుని జిల్లా చేనేత శాఖ కార్యాలయానికి వెళ్లండి. ఆమె ఏ మగ్గానికి పనిచేస్తుందో ఆ మగ్గం సంఖ్య కావాలి. ఈమె నా మగ్గానికి కండెలు చుడుతుంది అని ఆ నేతగాడు రాసి సంతకం పెట్టాలి. కొత్త పేర్లు ఎప్పుడు తీసుకుంటారో అడిగి, దరఖాస్తు ఇచ్చినట్టు రసీదు తప్పకుండా తీసుకోండి.

నూర్‌బాషా, కల్వకుర్తి · రాత్రి 8:50

ఇప్పుడే ఫోను చేశాను. ఆ ఇంటాయన సంతకం పెట్టడానికి జంకుతున్నాడట. ఆమె పేరు ఎక్కితే తన ఇంటివాళ్ల పేరు పోతుందేమోనని, తనకు వచ్చేది తగ్గుతుందేమోనని భయం. చెడ్డవాడు కాదు సార్, వాళ్ల ఇంట్లోనూ కష్టమే.

మాజీ సంఘం డైరెక్టర్, చౌటుప్పల్ ప్రాంతం · రాత్రి 9:20

ఆ భయం నాకు తెలుసు. నేతగాడి పేరు వేరు, అనుబంధ కార్మికుల పేర్లు వేరు. ఆమె పేరు చేరినంత మాత్రాన ఆయన వాటా తగ్గదు. ఫోనులో చెబితే నమ్మరు. వచ్చే సోమవారం నాకు మక్తల్‌లో పని ఉంది, దారిలో నారాయణపేట వస్తాను. ఆయనతో నేను కూర్చుని మాట్లాడతాను. మీరూ రండి, అత్తమ్మ గారిని ఆ రోజు పనికి పోకుండా ఉండమనండి, కూలి సంగతి మనం చూసుకుందాం.

నారాయణపేట బట్టల కొట్టు · రాత్రి 9:45

సోమవారం మా కొట్టు దగ్గర దిగండి. ఆ వీధి నాకు తెలుసు, ఆ నేతగాడి దగ్గర చీరలు కొనేవాళ్లలో నేనూ ఒకణ్ణి. నేనూ వచ్చి చెబుతాను.